బ్రాకెట్ చదువు, బిడ్డా

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చౌరస్తా నుంచి కుషాయిగూడ మీదుగా చర్లపల్లి దాకా, ఇటు మౌలాలి, మల్లాపూర్, నాచారం దాకా ఎటు నడిచినా గోడల మీద, గేట్ల మీద ఇంగ్లిషే. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, ఇండస్ట్రియల్ డెవలప్‌మెంట్ ఏరియా (ఐడీఏ), పెట్రోలియం డిపోలు, ఓపెన్ ఎయిర్ జైలు. 1990లలో చర్లపల్లి పిల్లలం ఈ బోర్డుల కిందే పెరిగాం. ఫస్ట్ షిఫ్టు సైరనుకు లేచేవాళ్ళం. సెకండ్ షిఫ్టు వాళ్ళు ఇల్లు చేరే వేళకు నిద్రలో ఉండేవాళ్ళం. షిఫ్టు, టోకెను, గేట్ పాసు, ఓటీ, పీఎఫ్... ఈ మాటలు మా అమ్మలు, అమ్మమ్మలు కూడా అలవోకగా అనేవారు. అయినా బడిలో ఇంగ్లిషు పీరియడ్ మొదలవగానే అందరి నోళ్ళూ మూతపడేవి. పొద్దున్నుంచి రాత్రిదాకా మా నోట నలిగే మాటలు కూడా ఇంగ్లిషేనని, అక్కడి నుంచే చదువు మొదలుపెట్టవచ్చని చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. ఒక్క మా సారు తప్ప.

ఆయన బడిపంతులు కాదు. ఐడీఏ ఫేజ్ టూలో ఒక ఫ్యాక్టరీ స్టోర్ కీపర్. నట్లు, బోల్టులు, బేరింగులు, గ్రీజు డబ్బాలు లెక్కరాసి ఇవ్వడం ఆయన ఉద్యోగం. ఈవెనింగ్ కాలేజీలో బీఏ చదివారు. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి ఏరుకొచ్చినవి ఆయన గదిలో ఒక గోడంతా నిండి ఉండేవి. వాటిలో రెండు మాత్రం రోజూ డాబా మీదికి వచ్చేవి. ఒకటి శంకరనారాయణ ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు, రెండోది అట్ట ఊడిన కన్సైజ్ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ. ఆయన డ్యూటీ దిగి, స్నానం చేసి, చాయ్ తాగి పైకొచ్చేసరికి చుట్టుపక్కల కార్మికుల పిల్లలం అక్కడ చాపలు పరిచి కూర్చునేవాళ్ళం. మాలో నల్గొండవాళ్ళు, వరంగల్ వాళ్ళు, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు, ఒడియా ఇంట్లో మాట్లాడేవాళ్ళు అందరూ ఉండేవారు. ఫీజు మాట ఎన్నడూ ఎత్తలేదు.

బడిలో మాకు పదాలు జాబితాగా ఇచ్చేవారు. ఎడమవైపు ఇంగ్లిషు మాట, కుడివైపు తెలుగు అర్థం, మధ్యలో గీత. రాత్రి బట్టీపట్టి పొద్దున అప్పజెప్పాలి. సారు ఆ జాబితాను తీసిపారేయలేదు. అందులో ఒక మాట మీద వేలు పెట్టి, ఇది ఎక్కడ విన్నవ్, ఎవరు అన్నరు, ఏ బోర్డు మీద చూసినవ్ అని అడిగేవారు. చూడని మాటైతే, ఎక్కడ కనబడొచ్చో చెప్పమనేవారు. ఆ తర్వాత శంకరనారాయణలో అర్థం చూడాలి. చివరికి ఆక్స్‌ఫర్డ్ తెరవాలి. ఆ డిక్షనరీలో ఒక్కో మాట వివరణ ముగిసే చోట చదరపు బ్రాకెట్ ఉంటుంది. మాట పుట్టుక అందులో పొట్టి అక్షరాల్లో ఇమిడి ఉంటుంది. ఎల్ అంటే లాటిన్, జీకే అంటే గ్రీకు, ఓఎఫ్ అంటే పాత ఫ్రెంచి, ఓఈ అంటే పాత ఇంగ్లిషు. సంస్కృతం గుర్తు కనబడితే డాబా మీద కేకలు లేచేవి. అర్థం చెప్పి ఎవరైనా పుస్తకం మూయబోతే సారు చేయి అడ్డం పెట్టి "బ్రాకెట్ చదువు, బిడ్డా" అనేవారు.

మొదట్లో మాకు దొరికినవి సులువైన మాటలు. బస్సు అనేది లాటిన్ ఆమ్నిబస్ తోక. ఆమ్నిబస్ అంటే అందరి కోసం. ముందున్న ముక్క ఊడిపోయి, విభక్తి ప్రత్యయం ఒక్కటే మిగిలి, అదే బండి పేరయింది. తెలుగు వ్యాకరణంలో చతుర్థీ విభక్తి బట్టీపట్టిన మాకు ఇది వెంటనే అర్థమైంది. ఈసీ టీవీలో, అంటే మా పక్కనున్న ఈసీఐఎల్‌లోనే తయారైన టీవీలో, దూరదర్శన్ చూసేవాళ్ళం. టెలి అంటే గ్రీకులో దూరం, విజన్‌కు మూలం లాటిన్‌లో చూడటం. దూరదర్శన్ అని పేరు పెట్టినవాళ్ళు బ్రాకెట్ చదివారని సారు సంబరపడేవారు. ఎలక్ట్రానిక్స్‌కు మూలమైన ఎలెక్ట్రాన్ గ్రీకులో పసుపుపచ్చని తృణమణికి పేరు. దాన్ని గుడ్డతో రుద్దితే గడ్డిపోచలు వచ్చి అంటుకుంటాయి. ప్లాస్టిక్ దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కలు ఎగరేసి అదే పని మేమూ చేశాం. 1967లో ఏర్పడిన అంత పెద్ద కంపెనీ పేరులో ఒక రంగురాయి దాగి ఉందని ఆ సాయంత్రం తెలిసింది.

న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ బోర్డు మాకు రెండు మూడు రోజులు పట్టింది. అది 1971 నాటి సంస్థ. అణు రియాక్టర్లకు ఇంధనం తయారుచేస్తారు. చిన్నపిల్లలకు ఆ పేరు అంటేనే భయం. సారు మూడు మాటలకూ బ్రాకెట్లు చదివించారు. న్యూక్లియస్ లాటిన్ నుక్స్ నుంచి వచ్చింది. నుక్స్ అంటే గట్టి పెంకున్న కాయ, న్యూక్లియస్ అంటే దాని లోపలి పప్పు. ఫ్యూయల్ పాత ఫ్రెంచి మీదుగా లాటిన్ ఫోకుస్ నుంచి వచ్చింది. ఫోకుస్ అంటే పొయ్యి. కాంప్లెక్స్ అంటే కలిపి అల్లినది. వంటింట్లో దొరికే పప్పు, పొయ్యి, ఆ పక్కన బుట్ట అల్లిక! ఫోకుస్ సంగతి విన్నాక మాలో ఒకడు భూతద్దం తెచ్చాడు. ఎండలో కాగితం మీద వెలుగు చుక్కను నిలిపి పొగ రప్పించాడు. కిరణాలు కలిసే చోటుకు కెప్లర్ 1604లో ఫోకస్ అని పేరు పెట్టాడని సారు చెప్పారు. కాగితం కాలే చోటు పొయ్యి కాక మరేమిటి? సైన్సు పుస్తకంలో "నాభి" అని చదివి పరీక్ష రాసిన మాకు, ఆ మాటకు వేడి ఉందని తెలిసింది అప్పుడే.

మా నాయిన టర్నర్. భువనగిరి వైపు పల్లె నుంచి వచ్చి, హెల్పరుగా చేరి, లేత్ మిషను మీద చేయి తిరిగినవాడు. నన్ను తీసుకుపోవడానికి ఒక్కోసారి డాబా మీదికి వచ్చి పిట్టగోడ మీద కూర్చునేవాడు. ఒకరోజు సారు అడిగారు.

"అన్నా, నువ్వు చేసే పనేంది?"

"టర్నర్‌ను సార్, ఎర్కలేదా."

"బిడ్డా, టర్న్ తియ్."

తీశాను. బ్రాకెట్‌లో లాటిన్ టోర్నారే అని ఉంది. లేత్ మీద తిప్పి నున్నగా చేయడం అని అర్థం. టోర్నుస్ అంటే లేత్. దానికి ముందు గ్రీకు టోర్నోస్. అంటే ఇంగ్లిషులో తిరగడం అనే మాటే లేత్ మిషను నుంచి పుట్టింది. రిటర్న్ అందులోంచే వచ్చింది. టూరు, టూరిస్టు, టోర్నమెంటు అందులోంచే వచ్చాయి. కేసు ఎవరి వైపు తిప్పి అప్పజెబుతామో ఆ అటార్నీ కూడా ఆ ఇంటివాడే. సారు ఒక్కొక్కటే చెబుతుంటే నాయిన పిట్టగోడ దిగి వచ్చి పుస్తకం మీదికి వంగాడు. ఇంగ్లిషు అక్షరాలు ఆయనకు కూడబలుక్కుంటే గానీ రావు. "ఏడున్నది?" అని అడిగి, నేను చూపించిన చోట వేలు పెట్టాడు. ఇనుప రజను ఇంకిన వేలు. "గంత పాతదా మా పని" అన్నాడు. ఇంటికి పోయాక అమ్మకు చెప్పాడు. మర్నాడు ఫ్యాక్టరీలో చాయ్ టైములో అందరికీ చెప్పాడట. మా వాడకట్టులో నాయిన స్నేహితులు రిటర్న్ టికెట్ అన్నప్పుడల్లా ఆయన వైపు చూసేవారు. నాకు ఇంగ్లిషు మీద భయం పోయిన రోజు ఏదని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. ఆ భాషలో అతి మామూలు మాట ఒకటి మా నాయిన చేతి పని దగ్గర మొదలైంది. ఇక ఆ భాష ముందు తల దించుకోవడానికి నాకు కారణం కనబడలేదు.

ఆదివారం సాయంత్రాలు సారు మమ్మల్ని రోడ్డు మీద తిప్పేవారు. ఓపెన్ ఎయిర్ జైలు పొలాల వైపు వెళ్ళినప్పుడు ప్రిజన్ మాట వచ్చింది. దాని మూలం లాటిన్ ప్రెహెండెరే. అర్థం పట్టుకోవడం. ఆ కుటుంబం పెద్దది. పోలీసులు పట్టుకుంటే అప్రిహెండ్. మనసు పట్టుకుంటే కాంప్రిహెండ్. పని నేర్చుకునేవాడు అప్రెంటిస్. ఈసీఐఎల్‌లో అప్రెంటిస్ కోసం ఐటీఐ కుర్రాళ్ళు ఎంత తిరిగేవారో మాకు తెలుసు. ఒక పనిని చేతిలోకి తీసుకుంటే ఎంటర్‌ప్రైజ్. ఐడీఏలో ప్రతి రెండో గేటు మీద ఎంటర్‌ప్రైజెస్ అనే ఉంటుంది. ఇంతవరకు చెప్పి సారు ఆగి, దీన్ని తెలుగులో చెప్పండి అన్నారు. మేం తడుముకుంటుంటే ఆయనే అందుకున్నారు. దొంగ పట్టుబడ్డాడు అంటాం. విద్య పట్టుబడింది అంటాం. పని చేపట్టాడు అంటాం. జైలు, అప్రెంటిస్, ఎంటర్‌ప్రైజ్ మూడూ మన "పట్టు"లోనే ఉన్నాయి. ఏ లాటినూ రాని మన తాతలు అదే దారిలో ఆలోచించి అవే మాటలు కట్టుకున్నారు. రెండు భాషలకూ చుట్టరికం లేదు. మనిషి చేయి మాత్రం ఎక్కడైనా ఒకటే, అది పట్టుకుంటుంది. మాట అక్కడి నుంచే నడుస్తుంది.

తెలుగు బాగా తెలిసినవాడికి ఇంగ్లిషు తొందరగా వస్తుందని సారు నమ్మారు. నేనూ నమ్ముతాను. తెలుగు మాట్లాడితే జరిమానా వేసే బడులు అప్పటికే మా చుట్టూ మొదలయ్యాయి. ఆ బడి పిల్లలకు అప్రెంటిస్ అర్థం తెలిసి ఉండవచ్చు. "పట్టుబడు" చేతిలో లేకపోతే ఆ అర్థం ఎక్కడ నిలుస్తుంది? ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

పెరోల్ కూడా ఆ రోడ్డు మీదే నేర్చుకున్నాం. ఫ్రెంచిలో పరోల్ అంటే మాట. మళ్ళీ వస్తానని మాట ఇచ్చి వెళ్ళడం. పార్లమెంటు కూడా మాట్లాడటం నుంచి వచ్చిందే. గార్డు, వార్డరు ఒకే మాటకు రెండు రూపాలు. ఒకటి పారిస్ ఫ్రెంచి నోట, ఇంకొకటి ఉత్తరాది ఫ్రెంచి నోట నలిగి ఇంగ్లిషులోకి వచ్చాయి. గ్యారంటీ, వారంటీ కూడా అంతే. జైలు పొలాల పక్కన నిలబడి సారు మాకు విలియం మైనర్ కథ చెప్పారు. ఆయన అమెరికా సైన్యంలో వైద్యుడు. మతి చలించి 1872లో లండన్‌లో ఒక మనిషిని చంపాడు. బ్రాడ్‌మూర్ అనే చోట, మానసిక రోగులైన నేరస్థులను ఉంచే ఆసుపత్రిలో, దశాబ్దాలు బందీగా ఉన్నాడు. ఆ గదిలో పాత పుస్తకాలు చదువుతూ, ఏ మాట ఏ కాలంలో ఏ అర్థంలో వాడారో ఉదాహరణలు ఏరి, జేమ్స్ మర్రే నడిపిన ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువుకు వేల చీటీలు పంపాడు. ఆ నిఘంటువు మొదటి భాగం 1884లో వెలువడితే మొత్తం పూర్తయ్యేసరికి 1928. మేం డాబా మీద తిప్పే చిన్న పుస్తకానికి ఆధారం ఆ పెద్ద పుస్తకమే. అవతల పొలంలో మనుషులు వంగి పనిచేసుకుంటున్నారు. వాళ్ళలో ఎవరికి ఏం చదువు వచ్చో మనకేం తెలుసు అన్నారు సారు.

ఉప్పల్ రోడ్డులో సీసీఎంబీ అనే జీవకణ పరిశోధన సంస్థ ఉంది. ఒకసారి అక్కడ బడిపిల్లలకు లోపల చూపించే రోజున సారు మమ్మల్నీ తీసుకెళ్ళారు. మైక్రోస్కోపులో ఉల్లిపొర చూపించారు. గదులు గదులుగా కనిపించింది. బయటికొచ్చి చెట్టు కింద కూర్చున్నాక సెల్ మాట మీద పడ్డాం. లాటిన్ సెల్లా అంటే చిన్న గది. సన్యాసి ఉండే గది, తర్వాత ఖైదీ ఉండే గది. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను పలచగా కోసి చూసి, ఆ అరలకు ఆ పేరు పెట్టాడు. టార్చిలైటులో వేసే సెల్లూ అదే మాట. తర్వాత కొన్నేళ్ళకు చేతిలోకి సెల్‌ఫోన్ వచ్చింది. టవర్లు పంచుకున్న ఒక్కో ప్రాంతమూ ఒక గది కాబట్టి దానికా పేరు. జైలు సెల్లు, సీసీఎంబీ సెల్లు, టార్చి సెల్లు, జేబులో సెల్లు. చర్లపల్లి నుంచి ఉప్పల్ దాకా ఒకే చిన్నగది నాలుగు పనులు చేస్తోంది.

మనవైపు నుంచి వెళ్ళిన మాటలు దొరికినప్పుడు పిల్లలు ఊరుకునేవారు కాదు. షుగర్ శర్కర, క్యాండీ ఖండం, ఆరెంజ్ మన నారింజకు దగ్గరి చుట్టం. సారు గోదాములో బస్తాలు కొరికే పందికొక్కు ఇంగ్లిషులో బాండికూట్ అయి కూర్చుంది. అది అచ్చ తెలుగు మాట, ఆక్స్‌ఫర్డ్ బ్రాకెట్‌లో తెలుగు అని రాసి ఉంది. ఇటు వచ్చినవీ ఉన్నాయి. మేస్త్రీ, బొత్తాం, ఇస్త్రీ, అల్మారా పోర్చుగీసు వాళ్ళు దింపి వెళ్ళినవి. సి.పి. బ్రౌన్ తెలుగులో కలిసిన పరభాషా పదాలకు 1854లో మద్రాసు నుంచి విడిగా ఒక నిఘంటువే వేశాడు. సిమెంటు పనికి వెళ్ళే మేస్త్రీ తెలుగువాడు కాడని ఎవరంటారు? వాడుకున్నవాళ్ళదే మాట.

పుట్టుకల మీద మోజు ముదిరితే మనసుకు తోచిన కథలు అల్లుతాం. సారు దాన్ని కఠినంగా ఆపేవారు. నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ మొదటి అక్షరాలు కలిపితే న్యూస్ అయిందని బడిలో చెప్పారు. బ్రాకెట్ చదివితే అది న్యూ అనే మాటకు బహువచనం, కొత్త సంగతులు అంతే. శాలరీకి మూలంలో ఉప్పు ఉన్నది నిజమే. రోమన్ సైనికులకు జీతం కింద ఉప్పే కొలిచి ఇచ్చారన్న కథకు మాత్రం గట్టి సాక్ష్యం లేదు. మాలో ఒకడు ఇంకో అడుగు వేసి, మన ఊళ్ళో జైలుంది కాబట్టి చెరసాల నుంచి చర్లపల్లి వచ్చిందన్నాడు. "జైలు ముందా, ఊరు ముందా?" అని సారు అడిగారు. ఊరే ముందు. చెరువుకు చెర్లు అనే బహువచన రూపం ఉందని చెప్పి, పాత కాగితం చూడందే నోటుబుక్కులో ఏదీ రాయవద్దన్నారు.

ఇంతలో నేను ఇంటర్మీడియట్‌కు వచ్చాను. 1990ల చివర ఐడీఏలో ఆర్డర్లు తగ్గాయి. ఒక షిఫ్టు తీసేశారు, ఓటీ ఆగిపోయింది, కొన్ని గేట్లకు తాళాలు పడ్డాయి. నాయిన పనిచేసే ఫ్యాక్టరీలో ఒక శనివారం కొందరిని పిలిచి తలా రెండు కాగితాలు ఇచ్చారు. సోమవారం సంతకం పెట్టి తెస్తే అదే రోజు చెక్కు ఇస్తామన్నారు. మాట సాయంత్రానికే పాకింది. "వాలంటరీ ఇస్తున్నరంట." ఆ రోజుల్లో మా దగ్గర వాలంటరీ అంటే డబ్బు మూట. పెద్ద కంపెనీల్లో వీఆర్ఎస్, అంటే వాలంటరీ రిటైర్మెంట్, తీసుకున్నవాళ్ళు ఇళ్ళు కట్టుకోవడం చూశారు కదా, అందుకని ఆ మాట చెవిన పడగానే కొందరికి ఆశ కూడా కలిగింది.

నాయిన కాగితాలు తెచ్చి నాకిచ్చాడు. చదివి, ఆయన్ను వెంటబెట్టుకుని సారు దగ్గరికి పోయాను. చాప మీద కాగితం పరిచి ముగ్గురం కూర్చున్నాం. వాలంటరీ అన్న చోట సారు పెన్సిలుతో గీత గీశారు.

"అన్నా, దీని మూలం వోలుంతాస్. అంటే ఇచ్ఛ. నీ ఇష్టంతోని నువ్వే మానేస్తున్నవని ఇందుల రాసి ఉన్నది. ఇష్టమున్నదా?"

"ఇష్టమేంది సార్, పని లేదంటున్నరు గదా."

"పని లేదని వాళ్ళు తీసేస్తే దానికి వేరే పేరున్నది."

ఆ పేరు రిట్రెంచ్‌మెంట్. ట్రెంచ్ అంటే కందకం. ఫ్రెంచిలో మూలార్థం కోయడం, రిట్రెంచ్ అంటే కోసి తగ్గించడం. కోసేవాడు యజమాని అయినప్పుడు చట్టం కొన్ని బాధ్యతలు పెట్టింది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 25ఎఫ్ సెక్షన్ ప్రకారం అప్పట్లో నెల రోజుల నోటీసు, లేదా ఆ నెల జీతం ఇవ్వాల్సి ఉండేది. పూర్తయిన ఒక్కో ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాల్సి ఉండేది. నా ఇష్టంతో మానేశానని రాసిస్తే ఈ పరిహారం అడిగే దారి మూసుకుపోయేది.

రెండో కాగితంలో డబ్బు లెక్క. ఎక్స్ గ్రేషియా అని ఒక మొత్తం, దాని పక్కన రావలసినవన్నీ ఇందులో కలిసినట్టే అని ఒక వాక్యం. సారు నన్ను గ్రాట్యుటీ తీయమన్నారు. తర్వాత గ్రేషియా. రెండింటి బ్రాకెట్లోనూ ఒకే లాటిన్ ఇల్లు. దయ, మెప్పు, కృతజ్ఞత. నేను ఆ సంగతి చెప్పాక ఆయన నెమ్మదిగా అన్న మాటలు ఇవి: "పుట్టుక ఒక్కటే, బిడ్డా. ఇప్పుడు నిలబడ్డ చోట్లు వేరు. ఎక్స్ గ్రేషియా అంటే ఇచ్చేటోని దయ. గ్రాట్యుటీ ఒకప్పుడు దయనే. 1972ల చట్టం వచ్చినంక అది హక్కు." అయిదేళ్ళు నిండిన కార్మికుడికి ఆ చట్టం కింద ఏడాదికి 15 రోజుల వేతనం లెక్కన గ్రాట్యుటీ ఇచ్చి తీరాల్సి ఉండేది. ఆ కాగితం హక్కును తెచ్చి దయలో కలిపేసింది. రెండు అక్కచెల్లెళ్ళ వంటి మాటలు, వాటి మధ్య మా ఇంటి బియ్యం, మా అమ్మ మందులు, నా కాలేజీ ఫీజు.

ఆ రాత్రి నాయిన తనతో పనిచేసేవాళ్ళ ఇళ్ళకు పోయాడు. నన్నూ తీసుకుపోయాడు. ప్రతి ఇంట్లో కాగితం పరిచి, వాలంటరీ అంటే ఏమిటో, ఎక్స్ గ్రేషియా అంటే ఏమిటో, గ్రాట్యుటీ అంటే ఏమిటో చెప్పాను. సారు చెప్పినట్టే చెప్పాను. ముందు మాట ఎక్కడ పుట్టిందో, తర్వాత ఇప్పుడు చట్టంలో ఎక్కడుందో. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు అడిగిన ప్రశ్నలు మగవాళ్ళ ప్రశ్నల కన్నా సూటిగా ఉన్నాయి. "దయ ఎంత, హక్కు ఎంత, వేరువేరుగ రాసిమ్మను" అందొక పెద్దమ్మ. సోమవారం ఆ వాక్యమే డిమాండు అయింది. చాలామంది సంతకం పెట్టలేదు. అప్పటికే అవసరం ముంచుకొచ్చి పెట్టినవాళ్ళను మేం తప్పుపట్టలేదు.

తర్వాత యూనియన్ వాళ్ళు కలగజేసుకోవడం, లేబర్ ఆఫీసు చుట్టూ తిరగడం, వాయిదాలు. అర్జీ సారు చెబుతుంటే నేను రాశాను. నెలల తర్వాత వచ్చిన సెటిల్‌మెంట్ కాగితంలో రిట్రెంచ్‌మెంట్ పరిహారం ఒక వరుసలో, గ్రాట్యుటీ ఇంకో వరుసలో విడివిడిగా ఉన్నాయి. నాయిన ఆ డబ్బులో కొంత పెట్టి పాత లేత్ ఒకటి కొని, ఊరి చివర రేకుల షెడ్డులో జాబ్ వర్క్ మొదలుపెట్టాడు.

డిగ్రీ రోజుల్లో నా స్నేహితులు జీఆర్ఈ కోసం బ్యారన్స్ పుస్తకంలోని 3500 మాటలు అట్టముక్కల మీద రాసుకుని బస్సుల్లో తిప్పేవారు. కొందరు నెగ్గారు, అమెరికా వెళ్ళారు, వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయను. పరీక్ష అయిన ఏడాదికల్లా ఆ మాటల్లో చాలావరకు మరిచిపోయామని వాళ్ళే అన్నారు. 1949లో నార్మన్ లూయిస్ రాసిన వర్డ్ పవర్ మేడ్ ఈజీ కోఠి, అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద ఇప్పటికీ దొరుకుతుంది. అది మూలధాతువుల దారిలోనే నడుస్తుంది, మంచి పుస్తకం. అందులోని మాటలు మాత్రం అమెరికా డాక్టర్ల గదుల్లో, పార్టీల్లో తిరుగుతాయి. మన పిల్లలకు మన గేట్ల ముందు నుంచి నడిచే పుస్తకం కావాలి. అది ఇంకా ఎవరూ రాయలేదని నా ఫిర్యాదు.

సారు రిటైరయ్యాక సొంత ఊరికి వెళ్ళిపోయారు. ఆక్స్‌ఫర్డ్ నాకిచ్చారు, శంకరనారాయణ తన దగ్గర ఉంచుకున్నారు.

2025 జనవరి 6న చర్లపల్లిలో కొత్త రైల్వే టెర్మినల్‌ను ప్రధాని వీడియో ద్వారా ప్రారంభించారు. సుమారు 413 కోట్లతో కట్టారు. టెర్మినుస్ రోమన్ల పొలిమేర రాయి. ఆ రాయికి దేవుడి హోదా ఉండేది, ఫిబ్రవరిలో ఇరుగుపొరుగు రైతులు చేరి పండుగ చేసేవారు. మన పొలిమేర పోచమ్మ ఎక్కడ ఉంటుందో తెలిసినవాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. ఆ స్టేషన్లో దిగి మా ఐడీఏలో పనికి చేరే పిల్లలు ఇప్పుడు ఒడిశా నుంచి, బీహార్ నుంచి, పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి వస్తున్నారు. ఆదివారం కొందరు మా ఇంటికి వస్తారు. వాళ్ళు తెచ్చేవి పాఠ్యపుస్తకాలు కావు. పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ లెటర్లు, ఈఎస్ఐ కార్డులు. ప్రావిడెంట్ అంటే ముందుచూపు అని, విజన్‌లోని చూపే అందులోనూ ఉందని అక్కడి నుంచి మొదలుపెడతాం. కాంట్రాక్టులో, ట్రాక్టర్లో, ట్రైన్లో ఉన్నది లాగడమేనని చెబితే కాంట్రాక్ట్ లేబరుగా వచ్చిన కుర్రాళ్ళు ఒప్పుకున్నట్టు తలలూపుతారు.

మొన్న ఒక శ్రీకాకుళం అబ్బాయి స్లిప్పులో డిడక్షన్ అని ఒక వరుస ఉంది. డూకెరే అంటే నడిపించడం. బస్సు కండక్టరులో, ప్రొడక్షన్‌లో ఉన్నది అదే. డిడక్ట్ అంటే ఉన్న చోటు నుంచి పక్కకు నడిపించడం. "అయితే నా డబ్బు ఎటేపు నడిపించేసినారండి?" అని అడిగాడు. పీఎఫ్‌కు కొంత, ఈఎస్ఐకి కొంత కనబడింది. మిగిలిన ఆరు వందలు ఎటు పోయాయో స్లిప్పులో లేదు. ఆ వరుస కింద పెన్సిలుతో గీత గీసి ఇచ్చాను. సోమవారం షిఫ్టు దిగాక అతను ఆ కాగితం పట్టుకుని టైమ్ ఆఫీసుకు వెళ్ళాడు.